ఏడు బోల్టులు

మంచాన్ని జరపడానికి ఇక ఇంట్లో చోటు లేదు. ఉత్తరపు గోడ నుంచి నడిమికి, నడిమి నుంచి తలుపు దగ్గరికి, అక్కణ్నుంచి వంటింటి గుమ్మానికి అడ్డంగా వచ్చి ఆగిపోయింది. చుక్క పడేది మాత్రం ఒక్కచోటే, ఉత్తరపు గోడ మూలన. దాని కింద పచ్చ బకెట్ పెట్టి నెలన్నర అయింది. నిండితే పారబోయడం, మళ్ళీ పెట్టడం, చుట్టూ చిట్లిన తడిని పాత చీరతో ఒత్తడం సువార్తకు రోజూ అన్నం వండినట్టే అలవాటైపోయింది.

యోనాకు మాత్రం ఆ చప్పుడు అలవాటు కాలేదు, మంచాన్ని దూరం జరిపిస్తూ పోయింది ఆయనే. ముప్పై మూడేళ్ళు బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. పొడుగాటి కర్రతో కప్పును తట్టి, చెవి పెట్టి విని, ఇది గట్టిది, ఇది గుల్లది అని చెప్పేవాడు. గట్టిదంటే మనుషులు ముందుకు పోయేవాళ్ళు. గుల్లదంటే ఆగేవాళ్ళు. కొత్తగా చుక్క కారడం మొదలైతే మాత్రం తట్టడాలు, వినడాలు ఏమీ ఉండవు, సామాను సర్దుకుని బయటికి రావడమే. ఆ భయంతోనే ఆయన షిఫ్టుకు పదిమందిని క్షేమంగా ఇంటికి పంపాడు. ఆ సంగతి సువార్తకు తెలుసు కాబట్టే, ఇంట్లో చుక్క పడిన ప్రతిసారీ ఆయన ఉలిక్కిపడుతుంటే నవ్వలేకపోయేది.

రిటైరై రెండేళ్ళయినా ఆ కర్రను వదల్లేదు. పొద్దున్నే లేచి జింకు రేకులను ఈ చివర నుంచి ఆ చివర దాకా టంగు టంగుమని తట్టుకుంటూ పోతాడు. రేకును ఎక్కడ తట్టినా రేకులాగే మోగుతుందని ఆమె ఒకటి రెండుసార్లు అంది. ఆయన వినిపించుకోలేదు.

బుధవారం మొదటి షిఫ్టు దిగి కొడుకు డానీ వచ్చాడు. ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టర్లో ఉంటాడు. గొడుగు గుమ్మం బయట పెట్టి, తండ్రి దగ్గును కాసేపు విని, ముందే అనుకుని వచ్చిన మాట చెప్పాడు. ఆదివారం చర్చి అయ్యాక ట్రాలీ ఆటో తెస్తాడు. మంచం, బీరువా, గిన్నెలు వేసుకుని ఇద్దరూ క్వార్టర్‌కు వచ్చేయాలి. అక్కడ స్లాబు ఉంది, వెనక గది ఖాళీగానే ఉంది. ఈ ఇంటిని ఒక కాంట్రాక్టరు అడుగుతున్నాడు, డీజిల్ డ్రమ్ములు పెట్టుకోవడానికి. డ్రమ్ముల మీద చుక్క పడితే వాటికొచ్చే నష్టం లేదు.

యోనా వెంటనే తలూపాడు. సువార్తను ఎవరూ అడగలేదు.

పాతికేళ్ళు కంపెనీ క్వార్టర్లో బతికారు. అక్కడ నల్లా చెడిపోయినా, తలుపు ఊడినా సివిల్ ఆఫీసులో రిజిస్టర్ మీద రాసి వస్తే చాలు, ఇవాళ కాకపోతే వచ్చే వారం ఎవరో ఒకరు పానా పట్టుకుని వచ్చేవాళ్ళు. అయినా అది తనదని ఆమె ఏనాడూ అనుకోలేదు. గోడకు మేకు కొట్టాలన్నా వెనకాడేది. కమాన్‌పూర్ దారిలో ఈ రెండు గదులు కట్టేటప్పుడు ఇటుకలు మోసింది, సిమెంటు కలిపింది, నిచ్చెన కింద నిలబడి ఒక్కొక్క రేకునూ పైకి అందించింది. యాభై రెండేళ్ళ వయసులో మొదటిసారి తనది అనుకున్న ఇంట్లో రేపట్నుంచి డీజిల్ డ్రమ్ములు కాపురం చేస్తాయట.

ఎక్కడ కారుతుందో కనిపెట్టి అక్కడ మూస్తే సరిపోతుంది కదా, దానికి ఇల్లు విడిచిపోవడం ఎందుకని అడిగింది.

"రూఫ్ సంగతి నాకు చెప్తవా?" అన్నాడు యోనా. "ఎక్కడ కారుతుందో తెల్వదా? నీ డిష్ కాడ కారుతుంది. నాలుగు బొక్కలు వెట్టిచ్చినవ్ నెత్తి మీద."

ఆ మాట నెలన్నర నుంచి వింటూనే ఉంది. ఏప్రిల్‌లో రేకుల మీద, ఉత్తరపు మూలన, డిష్ పెట్టించింది ఆమే. చుక్క పడేది సరిగ్గా దాని కిందే. ఇంక సాక్ష్యం ఏం కావాలి? వచ్చినవాళ్ళందరూ పైకి చూసి, డిష్‌ను చూసి, తర్వాత సువార్తను చూసేవాళ్ళు. తెలంగాణ ఇస్తారా ఇవ్వరా అని పొద్దున లేచింది మొదలు ఆ డిష్‌లోనే వార్తలు చూసేది యోనా. నింద మాత్రం ఆమెకు మిగిలింది. డానీ తల్లి ముఖం చూసి, గొడుగు తీసుకుని, ఆదివారం ఒంటిగంటన్నరకల్లా సామాను కట్టి ఉంచమని చెప్పి వెళ్ళిపోయాడు.

గురువారం లింగమూర్తి వచ్చాడు. ఇంటికి రేకులు వేసిన మేస్త్రి అతనే. వాకిట్లో గొడుగు కింద నిలబడి పైకి చూశాడు. రేకులు జారతాయి, ముసురు తగ్గాక ఎక్కుతానన్నాడు. డిష్ బోల్టుల చుట్టూ తారు రాస్తే సర్దుకుంటుందని చిన్న తారు డబ్బా ఒకటి అరుగు మీద పెట్టాడు. యోనా అన్న మాటకు మాట కలిపి, చాయ్ తాగి, బండి ఎక్కాడు. లోపలికి వచ్చి చుక్క ఎట్లా పడుతుందో కూడా చూడలేదు. రోగి నాలుక చూడకుండానే మందు రాసిచ్చిన డాక్టరును చూసినట్టు సువార్త అతని వెనకే చూసింది.

అతను పోయిన అరగంటకు వాన దంచింది. యోనా ముందు గదిలో టీవీ ముందు ఉన్నాడు. సువార్త ఉత్తరపు మూలకు స్టూలు లాగి, కొంగు నడుముకు చుట్టి ఎక్కింది. నెలన్నర నుంచి నేలనే చూస్తూ వచ్చింది గానీ, చుక్క పుట్టే చోటికి ముఖం పెట్టి చూసింది లేదు. డిష్ బోల్టులు నాలుగూ రేకులోంచి కిందికి మొనలు తేలి కనిపించాయి. అరచేయి చాపి ఆ చుట్టూ రేకును తడిమింది. తర్వాత చేతిని చూసుకుంది.

చేయి పొడిగా ఉంది.

మళ్ళీ తడిమింది. వేళ్ళకు కాస్త దుమ్ము అంటింది, తడి మాత్రం లేదు. చుక్క పడుతున్నది రేకు నుంచి కాదు, రేకుకు కింద ఆనుకుని గోడలోకి దిగిన ఇనుప పైపు చివరి నుంచి. పైపు పొట్ట వెంబడి నీళ్ళు సన్నగా జారుతూ వచ్చి, గోడకు తగిలే చోట బొట్టుగా ఊరి, కింద పడుతున్నాయి. వేలితో ఆ పైపును ఎంత దూరం అందితే అంత దూరం రాసింది. తడిగానే ఉంది.

ఆ పైపు యోనాది. మధ్యాహ్నం రెండు గంటలకు ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయినప్పుడల్లా రేకులు గలగలమంటాయి. అట్లా మోగే కప్పు కింద పడుకోలేనని మే నెలలో ఆయన ఉన్న పైపుల నడుమ అడ్డంగా మరో పైపు వేశాడు. నిజం చెప్పాలంటే అది వేసినాక గలగల తగ్గింది. కాలనీలో కలిసిన వాళ్ళందరికీ దాని గురించి చెప్పుకున్నాడు, ఇద్దరు ముగ్గురిని తీసుకొచ్చి చూపించాడు కూడా.

ఆమె స్టూలు దిగి వెళ్ళి, డిష్ దగ్గర పొడిగా ఉంది, నీళ్ళు పైపు వెంబడి వస్తున్నాయని చెప్పింది. యోనా టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు.

"పైపు కారుతదానే? అది సపోర్టు. రూఫ్‌ను ఎత్తి పట్టిందే అది." తగ్గిన గొంతుతో మళ్ళీ అన్నాడు, "సామాను కట్టుకో సువార్తా. కారే రూఫ్ కింద మనుషులు ఉండద్దు."

ఆయన మొండితనానికి కోపం వచ్చింది. ఆ చివరి మాటలోని భయానికి జాలి కూడా వేసింది. వచ్చి బకెట్ పారబోసింది.

*

శుక్రవారం యోనా దగ్గుకు మందులకని గోదావరిఖని దవాఖానకు పోయాడు. పొద్దున బస్సెక్కితే చీటీ, లైను, డాక్టరు, మందుల లైను అయ్యేసరికి సాయంత్రమే. ముసురు కాస్త తెరపిచ్చింది. ఆయన పోయిన బస్సు మలుపు తిరగ్గానే సువార్త పక్కింటికి పోయి మల్లక్కను రెండు వస్తువులు అడిగింది. ఒకటి నిచ్చెన. రెండోది ముగ్గుపిండి.

మల్లక్కకు పొలం ఉంది, మూడు బర్రెలున్నాయి, వీటన్నిటికంటే నోరు పెద్దది. చేరెడు ముగ్గుపిండి డబ్బాలో పోసిచ్చి అడిగింది, "ఏందే చెల్లె, ముగ్గేసి మా దేవుళ్ళల్ల కలుస్తున్నవా?"

"వాకిట్ల కాదక్కా, రూఫ్‌కు ఏస్త," అంది సువార్త. మల్లక్క నవ్వుతూనే నిచ్చెన రెండో కొస పట్టుకుని వెంట వచ్చింది.

ముందు తలుపులు, కిటికీలు మూసి గది చీకటి చేశారు. చిల్లు ఉంటే వెలుతురు చుక్కలా కనపడాలి. ఒక్కటీ కనపడలేదు. అంటే ఊరికే తుప్పుపట్టి పడిన చిల్లు కాదు, దేనితోనో బిగిసి ఉన్న చిల్లే. సువార్త మంచం మీద స్టూలు వేసి ఎక్కి, పైపును ఈ కొస నుంచి ఆ కొస దాకా గుడ్డతో పొడిగా తుడిచింది. దాని మీద, పక్కల, ముగ్గుపిండి అద్దుకుంటూ పోయింది. ఇప్పుడు ఒక్క నీటి బొట్టు ఎక్కడ పుట్టినా, ఎటు నడిచినా గీత పడి తీరుతుంది. మల్లక్కను కింద నిలబెట్టి, కళ్ళు పైపు మీద నుంచి తీయవద్దని చెప్పి, తాను నిచ్చెన దగ్గరికి పోయింది.

మొదటి నాలుగు మెట్లు సులువుగానే ఎక్కింది. అయిదో మెట్టు మీద ఆగి కిందికి చూసింది. రేకులు అందించిన నాడు లింగమూర్తి పైన ఎట్లా నడిచాడో గుర్తు చేసుకుంది. రేకు మీద ఎక్కడ పడితే అక్కడ అడుగు వేయకూడదు, కింద పైపు ఉన్నచోట, అంటే బోల్టుల వరుస మీదే వేయాలి. ప్రార్థన చేసుకుంటూ చూరు మీదికి మోకాలు ఎత్తింది. మరో మోకాలు ఎత్తింది. మెల్లగా నిలబడింది.

తన ఇంటి మీద తాను నిలబడటం ఆమెకు అదే మొదలు. దూరంగా ఓపెన్‌కాస్టు మట్టి గుట్ట, దాని మీద బొమ్మల్లా డంపర్లు, అందులో ఒకటి డానీది అయి ఉంటుంది. ఇటుపక్క మల్లక్క బర్రెలు, తన వాకిలి, తన జామచెట్టు. భయం పోయి ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఈ వైభవాన్ని డీజిల్ డ్రమ్ములకు ఇవ్వడమేంటని అనుకుంది.

బిందెకు తాడు కట్టి నీళ్ళు పైకి లాగింది. లీకు వెతికేటప్పుడు పై నుంచి పోస్తే నీళ్ళు కప్పంతా పారి ఏ చిల్లో తేలదు. అందుకని చూరు వైపు నుంచి మొదలుపెట్టింది. చెంబుతో కొంచెం పోయడం, ఆగడం, కింద మల్లక్కను కేకేసి అడగడం, ఏమీ లేదంటే ఒక బెత్తెడు పైకి జరగడం. ఒక రేకు మీద ఇంకో రేకు ఎక్కిన అతుకుల దగ్గర పోసింది. ఏమీ లేదు. డిష్ దగ్గరికి వచ్చింది. నాలుగు బోల్టుల మీదా చెంబు వెంట చెంబు పోసింది. అయిదు నిమిషాలు ఆగింది.

"చుక్క లేదు చెల్లె," మల్లక్క గొంతు రేకుల కింద నుంచి మోగింది. "పొడిపిండి పొడిపిండి లెక్కనే ఉంది."

సువార్త డిష్ గొట్టాన్ని చేత్తో నిమిరింది. నెలన్నర నుంచి ఇద్దరూ కలిసి మాటలు పడ్డారు.

తర్వాత నడిమికి వచ్చింది. అక్కడ చెంబు వంచకముందే ఆగిపోయింది.

రేకు అంటే ఒక గట్టు, ఒక కాలువ, మళ్ళీ గట్టు, మళ్ళీ కాలువ. వాన నీళ్ళు పారేది కాలువలో. అందుకే బోల్టు ఎప్పుడూ గట్టు మీదే పడాలి. రేకులు వేసిన నాడు కాలువలో మేకు పెట్టబోయిన పనివాణ్ని లింగమూర్తి ఎన్ని తిట్టాడో ఆమె చెవులారా వింది. అతను వేసిన బోల్టులన్నీ గట్ల మీద వరుసగా, బుద్ధిగా ఉన్నాయి. నడిమి వరుసలోని ఏడు బోల్టులు మాత్రం కాలువల్లో ఉన్నాయి. ఏడుకు ఏడూ. చుట్టూ తుప్పు చేరి, నిన్నటి వాన తడి ఇంకా ఆరలేదు.

సువార్త బోల్టుల వరుస మీదే కూర్చుండిపోయింది. మే నెల నాటి సంగతంతా కళ్ళ ముందుకు వచ్చింది. యోనా గదిలో స్టూలు మీద నిలబడి, తల ఎత్తి, సుద్దముక్కతో గుర్తులు పెట్టాడు. డ్రిల్లింగ్ మిషన్‌తో కింద నుంచే చిల్లులు చేశాడు. కొక్కెం బోల్టులను పైపుకు తగిలించి పైకి దోపాడు. డానీ పైన కూర్చుని, ఏది పైకి వస్తే దానికి నట్టు బిగించాడు. ఆయన గట్టు మీదే పెట్టాడు. కానీ ఆయన చూసింది కింది నుంచి. కింద నుంచి చూస్తే గట్టులా ఉబ్బి కనిపించేదే పైన కాలువ.

ఒక బోల్టు మీద చెంబెడు నీళ్ళు వంచింది. నట్టు చుట్టూ సుడి తిరిగి నీళ్ళు మాయమయ్యాయి. కింద మల్లక్క అరిచిన అరుపుకు బర్రెలు కూడా తలెత్తి చూశాయి.

కిందికి దిగి చూస్తే తెల్లటి పిండిలో నల్లటి గీత. నడిమి బోల్టు దగ్గర పుట్టి, పైపు వాలు వెంబడి ఉత్తరపు గోడ దాకా నడిచి, సరిగ్గా డిష్ కింద బొట్టుగా వేలాడుతోంది. మల్లక్క ఆ గీతను, పైపును, సువార్తను మార్చి మార్చి చూసింది. అది మీ ఆయన పెట్టిన పైపే కదా అంది. యోనా వస్తే వాకిట్లోనే నిలబెట్టి కడిగేస్తానంది. సువార్త ఆమె చేయి పట్టుకుని, ఈ ఒక్కరోజు నోరు మూసుకొమ్మని బతిమాలింది. చెప్తే ఆయన నమ్మడు. ఆయన కళ్ళతో ఆయన చూడాలి.

మల్లక్క నోరు మూసుకోవడమంటే, లీకు సంగతి చెప్పకుండా మిగతాదంతా చెప్పడమే. సాయంత్రం బస్సు దిగిన యోనాకు, ఆయన భార్య పొద్దంతా ఇంటి మీద తిరిగిందన్న వార్త దారిలోనే అందింది.

*

శనివారం పొద్దున ఎండ వచ్చింది. ముందు రాత్రి యోనా, కాలు జారితే ఎవరు దిక్కని ఒక్కమాట అని పడుకున్నాడు. పొద్దున కర్ర తీసుకుని రేకులు తట్టబోతుంటే సువార్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇయ్యాల రూఫ్‌ను నేను తడ్త. నువ్వు కింద నిలవడి చూడు," అంది. "బాయిల గట్లనే గద చేస్తరు? ఒకలు తట్టాలె, ఒకలు చూడాలె. ఒక్కసారి చూడు. అయినంక నువ్వు పొమ్మన్నదిక్కు పోత."

చూసి చెప్పమని అడిగితే కాదనడం ఆయన ఉద్యోగంలోనే లేదు. కర్ర పట్టుకుని గది నడుమ నిలబడ్డాడు. పైపు నిండా ఆమె మళ్ళీ కొత్తగా అద్దిన ముగ్గుపిండి చూసి ముఖం చిట్లించాడు. పైన సువార్త అడుగులు బోల్టుల వరుస మీదుగా జరుగుతూ వచ్చి తల మీద ఆగాయి. ముందు డిష్ దగ్గర నీళ్ళు పోస్తున్నానని కేకేసింది. నీళ్ళు పారిన చప్పుడు అయింది. యోనా ఉత్తరపు మూలకు వెళ్ళి మెడ ఎత్తి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. పిండి తెల్లగా ఉంది.

"కారిందా?"

"లేదు," అన్నాడు యోనా కింద నుంచి.

"ఇప్పుడు నడిమి బోల్టు చూడు."

నీళ్ళు బోల్టు వెంట దిగాయి. పైపు మీద పిండి నల్లబడింది. గీత మొదలైంది. యోనా కర్ర మొనతో ఆ గీత వెంట నడిచాడు, అడుగు వెంట అడుగు వేస్తూ, గోడ దాకా. బొట్టు ఊరి పచ్చ బకెట్‌లో పడింది. ఈసారి ఆయన ఉలిక్కిపడలేదు. వెనక్కి వచ్చి, కర్రను గోడకు ఆనించి, స్టూలు ఎక్కి, మే నెలలో తాను పెట్టిన సుద్ద గుర్తు మీద వేలు పెట్టాడు. ఉబ్బిన చోట, సరిగ్గా మధ్యలో ఉంది.

"సువార్తా," అని పిలిచాడు. "పై నుంచి ఇది కాలువనా?"

"కాలువనే."

పైన ఆమె కదలకుండా కూర్చుంది. ఆమెకు గెలిచినట్టే ఉంది, దాచుకోవడమెందుకు, ఎగిరి గంతేయాలన్నంత సంతోషంగా ఉంది. అయినా అప్పుడు ఒక్క మాట జారితే అది గెలుపు కాకుండా పోతుందని ఊరుకుంది.

"ముప్పై మూడేండ్లు రూఫ్ కిందనే ఉన్న," అన్నాడు యోనా. "దానికి ఇంకో దిక్కు ఉంటదని ఎన్నడు తలువలే."

"బాయిల ఉండదుగద," అంది సువార్త.

పని ఇద్దరికీ పడింది. కింద ఒకరు కొక్కెం పట్టుకుంటే గానీ పైన నట్టు తిరగదు. ఆమె పానాతో ఒక్కొక్క బోల్టు విప్పింది. ఏడో బోల్టు తీసినప్పుడు వంగి ఖాళీ చిల్లులోంచి చూస్తే లోపల యోనా కన్ను కనిపించింది. ఆయన అటు నుంచి ఇటే చూస్తున్నాడు. ఏం కనిపిస్తోందని అడిగింది. ఆకాశం, నువ్వు అన్నాడు. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన నోట అంత మంచి మాట ఎప్పుడు వచ్చిందో ఆమెకు గుర్తు రాలేదు.

ఈసారి గుర్తులు ఆమె పై నుంచి పెట్టింది, పక్కన ఉన్న గట్ల మీద. పెద్ద మేకు, సుత్తెతో చిల్లులు చేసింది. పాత సైకిల్ ట్యూబును గుండ్రంగా కత్తిరించి యోనా ఏడు వాషర్లు చేసిచ్చాడు. పాత చిల్లులను గుడ్డతో తుడిచి, ఎండకు ఆరనిచ్చి, లింగమూర్తి పెట్టిపోయిన తారు రాసి, పైన చిన్న రేకు ముక్కలు అతికించి, అంచుల మీద మళ్ళీ తారు పూసింది. డిష్ కోసం వచ్చిన తారు డిష్‌కు ఒక్క చుక్క కూడా పట్టలేదు. రెండు గంటలకు బ్లాస్టింగ్ అయింది. ఇద్దరూ చేతులు ఆపి విన్నారు. రేకులు గలగలమనలేదు.

మబ్బు మళ్ళీ కమ్ముతుండగా ఆమె నిచ్చెన దిగింది. కాళ్ళు పీకుతున్నాయి, గోళ్ళ నిండా తారు ఉంది. యోనా నిచ్చెన అడుగున రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నాడు. సామాను కట్టే సంగతి ఆ రాత్రి ఎవరూ ఎత్తలేదు. డానీకి ఫోను చేద్దామా అని ఆయన అడిగితే ఆమే వద్దంది. ఎండలో చూసిన రేకును నమ్మలేం, వాన పడాలి.

*

ఆదివారం చర్చిలో సగం ప్రసంగం దగ్గర వాన మొదలైంది. మామూలు వాన కాదు, కిటికీ అవతల చెట్లు కూడా కనపడని వాన. పాస్టరు గొంతు పెంచాడు. సువార్తకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. మనసంతా కమాన్‌పూర్ దారిలో ఉంది. ఏ తారు ఊడిందో, ఏ గట్టు అనుకుని మళ్ళీ ఏ కాలువలో కొట్టిందో. ఆడవాళ్ళ వరుస నుంచి మగవాళ్ళ వైపు చూస్తే యోనా కళ్ళు మూసుకుని చెవి పైకి పెట్టి ఉన్నాడు. ప్రార్థన చేస్తున్నాడో, చర్చి కప్పును వింటున్నాడో ఆయనకే తెలియాలి.

ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. తాళం తీసింది యోనానే. తీసి, గుమ్మంలో పక్కకు తప్పుకున్నాడు.

"ముందు నువ్వు పో," అన్నాడు.

ఆమె కొంగు, చీర కుచ్చెళ్ళు అరుగు మీదే పిండుకుని, కాళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది. రేకుల మీద వాన హోరుకు మాట వినపడటం లేదు. ఉత్తరపు మూలకు పోయి ముందు పైపును చూసింది. పిండి తెల్లగా ఉంది. నిన్న పని అయ్యాక పైపు తుడిచి తాను మళ్ళీ అద్దిన పిండి, ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్క గీత లేకుండా ఉంది. వంగి పచ్చ బకెట్‌లో చేయి పెట్టింది. అడుగున దుమ్ము తగిలింది. ఆ దుమ్మును చూసి ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది. వెనక నుంచి యోనా ఆమె తడి తల మీద చేయి వేశాడు.

తర్వాత ఇద్దరూ కలిసి మంచాన్ని వంటింటి గుమ్మం నుంచి లాగి, ఉత్తరపు గోడకు చేర్చారు.

ఒంటిగంటన్నరకు రోడ్డు మీద ట్రాలీ ఆటో ఆగింది. డానీ తల మీద ప్లాస్టిక్ కవరు కప్పుకుని పరుగున లోపలికి వచ్చాడు. సామాను ఇంకా కట్టలేదేంటి, ఇంత వానలో ఇంకెంత కారుతుందో అని గబగబా అంటూ ఉత్తరపు మూల వైపు చూశాడు. అక్కడ బకెట్ లేదు. మంచం ఉంది, దాని మీద ఉతికిన దుప్పటి ఉంది. పైకి చూశాడు, నేల చూశాడు, తండ్రిని చూశాడు.

"కారుతలేదా నాయినా? రూఫ్‌కు ఏం చేసినవ్?"

యోనా గోడ మూలన ఉన్న కర్రను తీసి, పొయ్యి కట్టెల పక్కన పెట్టి వచ్చి, మంచం మీద కూర్చున్నాడు.

"నన్నెందుకు అడుగుతవ్ బిడ్డా," అన్నాడు. "రూఫ్ సంగతి మీ అమ్మనడుగు."

డానీ తల్లి వైపు తిరిగాడు. ఆమె అతని కాళ్ళ దగ్గర నేలను చూస్తోంది. కవరు నుంచి, జుట్టు నుంచి, ప్యాంటు అంచుల నుంచి నీళ్ళు కారి అతని చుట్టూ చిన్న మడుగు కట్టాయి. ఆ ఇంట్లో ఉన్న నీళ్ళు అవే.

"ఆడనే నిలవడు," అంది సువార్త, దండెం మీది తువాలు అతనికి విసిరి. "ఇల్లంత తడుపుతున్నవ్. తుడుసుకోని, ఆటో అన్నను గూడ పిలువు. చాయ్ వెడ్త, తాగి పోతడు."

పచ్చ బకెట్ తీసుకుని బయటికి వచ్చింది. చూరు నుంచి నీళ్ళు కాలువకొక ధారగా దూకుతున్నాయి. ఆ ధారల్లో ఒకదాని కింద బకెట్ పెట్టి, అది నిండేదాకా అక్కడే నిలబడింది. నిండిన బకెట్ ఎత్తుకుని చాయ్ గిన్నెలు కడగడానికి వంటింట్లోకి పోయింది.